కింది వాటాకు టూలెట్ బోర్డు తీసేశారు

19 జనవరి 2017, గురువారం

ఎవరికి ఏం చెప్పానో రాసి పెట్టుకోకపోతే ఎక్కడో ఒకచోట దొరికిపోతాను. అందుకే ఈ డైరీ. ఆఫీసువాళ్ళు ఏటా ఇస్తారు, ఏటా పాత పేపర్లతో పాటు అమ్మేస్తాను. ఈసారి పనికొచ్చింది.

ఇంటి ఓనరు కూర్మయ్యగారికి నేను చెప్పినవి: మేం ఇద్దరమే, నేనూ నీలవేణీ. పిల్లల్లేరు. అమ్మ పోయింది. నాన్న కొత్తవలసలో మా చెల్లెలి దగ్గర ఉంటాడు.

ఇందులో మొదటిదీ చివరిదీ తప్ప మిగతావి నిజాలే. నాకసలు చెల్లెలే లేదు.

నాన్నను ఈ మధ్యాహ్నం పైకి చేర్చాం. కూర్మయ్యగారూ, ఆయన భార్య మరిడమ్మగారూ రాజాంలో పెళ్ళికి వెళ్ళారు, అదే అదను. ఓమ్నీ వ్యాన్ వెంకీ ఒక పక్క, నేనొక పక్క, ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టి మెట్లెక్కించాం. మనిషిలో బరువు లేదు. మెట్ల మలుపు దగ్గర మాత్రం కుర్చీ ఇరుక్కుంది. "నిదానంగా ఎక్కించండర్రా, నాను పట్టాలు కాదు" అన్నాడు నాన్న. గ్యాంగ్‌మన్‌గా ముప్ఫయ్యేళ్ళు పట్టాలు మోసిన మనిషి.

పెద్దాసుపత్రిలో ఇంటికి తీసుకుపొమ్మన్నారు. ఏ ఇంటికి? రైల్వే క్వార్టర్స్ తర్వాత అన్నీ అద్దె ఇళ్ళే మాకు. వెనకటి ఓనరు మొహమాటం లేకుండా చెప్పాడు: "పెద్దాయన పోయాడనుకో, నచ్చత్రం బాగోనేదనుకో, ఆర్నెల్లు ఇల్లు మూసుకోవాల. నా అద్దె ఎవులిస్తారు?" నెలాఖరుకల్లా ఖాళీ చెయ్యమన్నాడు.

22 జనవరి, ఆదివారం

నవ్వొచ్చే సంగతి ఏమిటంటే నా ఉద్యోగమే ఖాళీ ఇళ్ళు లెక్కపెట్టడం. ఇళ్ళ అప్పులిచ్చే కంపెనీకి ప్రతి నెలా రిపోర్టు పంపాలి. విజయనగరంలో ఈ నెల నూటికి పదకొండు ఫ్లాట్లు ఖాళీ. రెండు బెడ్‌రూములకి సగటున అయిదువేల ఎనిమిది వందలు. నోట్ల రద్దు తర్వాత దాసన్నపేటలో ఒక్కో వీధికి మూడేసి టూలెట్ బోర్డులు వేలాడుతున్నాయి. డిసెంబరులో నిజం చెప్పి అడిగిన ఇళ్ళు పదకొండు. పదకొండూ లేవన్నాయి. బోర్డు కిందే నిలబడి "ఖాళీ లేదు" అన్న మహానుభావుడు కూడా ఉన్నాడు. పన్నెండో ఇంట్లో అబద్ధం చెప్పాను, తాళంచెవి చేతిలో పడింది.

నాన్నకి ఒకటే భయం. కొత్తవలసలో ఆయనతో పని చేసిన పోతురాజు చనిపోతే ఇంటి ఓనరు గుమ్మం ఎక్కనివ్వలేదు. వానలో, రోడ్డు పక్కన, టార్పాలిన్ కింద పడుకోబెట్టారు. నాన్న రాత్రంతా ఆ టార్పాలిన్ అంచు పట్టుకుని నిలబడ్డాడట. "నన్ను మాత్రం రోడ్డు మీద పెట్టకురా జగ్గా" అంటాడు. నెలలో ఎన్నిసార్లంటాడో.

పెట్టను. ఎంత అబద్ధమైనా ఆడతాను.

25 జనవరి

దగ్గొస్తే దిండు అడ్డం పెట్టుకోమని చెప్పాను. సరేనన్నాడు.

30 జనవరి, సోమవారం

తొమ్మిదికి నేను ఊరి మీద పడతాను, నీలవేణి బడికి వెళ్తుంది. తను ఒంటిగంటకి వస్తుంది. ఆ నాలుగు గంటలూ బయట తాళం వేస్తాం. తాళం లేకపోతే లోపల ఎవరున్నారని అడుగుతారు కదా. నాన్న మంచం పక్కన నీళ్ళూ, మూత్రానికి సీసా, రొట్టె పెడతాం. ఆయనకేం ఇబ్బంది లేదు. ఎక్కువగా నిద్రే.

కూర్మయ్యగారి మీద ఒక కన్నేసి ఉంచాలి. ధాన్యం వ్యాపారం చేసి ఇల్లు కట్టిన మనిషి, గింజ చూసి తేమ ఎంతో చెప్పేస్తాడట. రోజూ ట్యాంకు చూసే మిషతో మెట్లెక్కుతాడు. ట్యాంకులో ఏముంటుంది రోజూ చూడ్డానికి?

మరిడమ్మగారు రాగుల చోడంబలి పంపారు. మూడు గ్లాసులు. ఇద్దరికి మూడెందుకు? తాగేస్తే మూడో మనిషి ఉన్నట్టు తేలిపోతుంది. ఒకటి వెనక్కి పంపమంటే నీలవేణి నా వంక అదోలా చూసింది. "మావయ్యకి ఇష్టమండి అంబలి" అంది. గ్లాసు కడిగేసి, రెండే తాగాం, మూడోది ఒలికిపోయిందని చెప్పమన్నాను.

3 ఫిబ్రవరి, శుక్రవారం

ఇంట్లోకి ఎవరో వచ్చారు.

నాన్న గ్లాసు మంచానికి ఎడంపక్క పెట్టి వెళ్ళాను. సాయంత్రం కుడిపక్కన ఉంది. నీలవేణి తాను ముట్టలేదంటోంది. గదిలో బీడీ వాసన. నాన్న బీడీలు నేను డిసెంబరులోనే పారేశాను.

"ఎవరొచ్చారు నాన్నా?"

"నాకేటి తెలుస్తాది, తొంగున్నాను" అని అటు తిరిగి పడుకున్నాడు.

ఓనరు దగ్గర రెండో తాళంచెవి ఉంటుంది. ఆ మాట నాకు ముందే తట్టకపోవడం నా తెలివితక్కువతనం.

4 ఫిబ్రవరి

గంటస్తంభం దగ్గర కొత్త తాళం కొన్నాను. ఏడు లీవర్లది. తలుపుకి కొత్త గొళ్ళెం బిగించాను.

"కొత్త తాళమేటిరా?" అన్నాడు నాన్న.

"దొంగల భయం."

"దొంగోడైనా వొస్తే కాసేపు మాటాడతాడు కదరా" అన్నాడు.

మతి చలిస్తోందేమో.

9 ఫిబ్రవరి, గురువారం

నాన్న గది కిటికీ బాల్కనీలోకి ఉంటుంది. బాల్కనీలోకి మెట్ల మీంచి నేరుగా రావచ్చు. ఇవాళ కిటికీ కింద ఇనప స్టూలు కనిపించింది. మాది కాదు. కిటికీ గడియ తీసి ఉంది.

స్టూలు వేసుకుని కూర్చుని మరీ చూస్తున్నాడన్న మాట. ఎంత ఓపిక!

స్టూలు తీసుకెళ్ళి ట్యాంకు వెనక పడేశాను. కిటికీకి పాత క్యాలెండర్లు అతికించాను. గాలి ఆడదని నీలవేణి గోల. చలికాలంలో గాలెందుకు?

10 ఫిబ్రవరి

స్టూలు మళ్ళీ కిటికీ కిందే ఉంది. క్యాలెండరు ఒక మూల చింపి ఉంది, లోపలి నుంచి. నాన్నే చింపాడు. ఎందుకని అడిగితే దుప్పటి ముసుగు పెట్టుకున్నాడు.

12 ఫిబ్రవరి, ఆదివారం

పొద్దున కూర్మయ్యగారు ఒక మేస్త్రీని వెంటేసుకుని మా మెట్లు కొలిపించాడు. టేపు పట్టి మరీ. నేను తలుపు వెనక నిలబడి విన్నాను.

"ఇక్కడ తిరగదండి. నిలువుగా ఎత్తాల్సిందే."

"నిలువుగా ఎలగెత్తుతాంరా? ఇంకో దారి సూడు."

ఏం ఎత్తుతారు? మా సామాన్లు. బీరువా, మంచం. గెంటేముందు కొలతలు తీసుకుంటున్నాడు. నలభై ఇళ్ళ ఓనర్లని చూశాను గానీ మెట్లు కొలిచి ఖాళీ చేయించేవాణ్ణి ఇతన్నే చూశాను.

నీలవేణి అంది: "సెప్పేద్దామండి. కాళ్ళు పట్టుకుందాం. నాకు బళ్ళో పాఠం సెప్తన్నా గుండె ఇంటికాడే ఉంటన్నాది."

"చెప్పి పదకొండు ఇళ్ళు పోగొట్టుకున్నాం, చాలలేదా?" అని కసిరాను.

14 ఫిబ్రవరి

కింద ఓనర్ల పక్క వాటాలో ఉండే బ్యాంకాయన రాజాం బదిలీ అయి వెళ్ళిపోయాడు. టూలెట్ బోర్డు కట్టారు. ముందు గది, వంటిల్లు, వీధిలోకి విడిగా తలుపు. ఆరువేల అయిదు వందలు సులువుగా పలుకుతుంది.

18 ఫిబ్రవరి, శనివారం

నాలుగు రోజుల్లో మూడు పార్టీలు వచ్చాయి. ముగ్గురూ ఉద్యోగస్తులే. ముగ్గుర్నీ కూర్మయ్యగారు తిప్పి పంపాడు. ఇవాళ చూస్తే బోర్డే తీసేశాడు! లోపల సున్నం వేయిస్తున్నాడు. స్నానాల గదిలో కొత్తగా కమోడు పెట్టిస్తున్నాడు.

నూటికి పదకొండు ఇళ్ళు ఖాళీగా ఉన్న ఊళ్ళో, వచ్చిన పార్టీని పోగొట్టుకునే ఓనరు ఉంటాడా? ఉండడు. రింగు రోడ్డు పక్క ఏదో కాలేజీ హాస్టలుకి ఇళ్ళకి ఇళ్ళే తీసుకుంటున్నారని పోయిన నెల నేనే రిపోర్టులో రాశాను. పైనా కిందా కలిపి ఇచ్చేస్తున్నాడు. మేం అడ్డం.

20 ఫిబ్రవరి, సోమవారం

ఇక అనుమానం అక్కర్లేదు. పంతులుగారు వచ్చారు, చంకలో పంచాంగం. అరుగు మీద కూర్చున్నారు. నేను చెప్పులు తొడుక్కునే వంకతో మెట్ల మీద ఆగాను.

"శివరాత్రి మర్నాడే ధనిష్ఠ వస్తుంది. అక్కణ్ణించి అయిదు నక్షత్రాలూ మంచివి కావు."

"ఆ టైములో పోతే?"

"ఆరు నెలలు మూసెయ్యాలి కూర్మయ్యా. తెలీనట్టు అడుగుతావేం?"

"ఆ ఒక్క గదీ మూస్తే సాలదేటి? ఇల్లంతానా?"

"విడిగా తలుపుంటే ఆ గది చాలు."

అంటే మా నాన్న సంగతి తెలుసు. స్టూలెక్కి చూసి, నక్షత్రం దాకా వెళ్ళాడు. మా నాన్న ఊపిరికి వీళ్ళు పంచాంగం చూస్తున్నారు. ఛీ, ఏం మనుషులు!

23 ఫిబ్రవరి, గురువారం

కుళాయి దగ్గర కూర్మయ్యగారు పట్టుకున్నాడు.

"జగన్నాధం, రేపు శివరాత్రి కదా, జాగారం. ఎల్లుండి పొద్దున ఎనిమిదింటికి ఓపాలి కిందకి రా బాబూ. ఆ గుంటని, నీలవేణిని కూడా తీసుకురా. ఒక మాట సెప్పాల."

"ఇప్పుడే చెప్పండి."

"ఇలగ నిలబడి సెప్పే మాట కాదులే" అని నవ్వాడు.

నవ్వుతూ గెంటేవాళ్ళనే ఎక్కువ చూశాను నేను. ఎల్లుండి అంటే సరిగ్గా ధనిష్ఠ మొదలయ్యే రోజు. అన్నీ చూసుకునే పెట్టాడు.

24 ఫిబ్రవరి, శుక్రవారం, శివరాత్రి

కొత్తవలసలో ఒక అపార్ట్‌మెంట్ ఉంది. పన్నెండు ఫ్లాట్లలో తొమ్మిది ఖాళీ, నా లెక్కల్లోదే. ఓనర్లంతా బెంగుళూరు, హైదరాబాదు. అడిగేవాడు లేడు. వాచ్‌మన్ గోవింద్‌తో మాట్లాడాను, ఒక తలుపు తీసి పెడతానన్నాడు. రేపు పొద్దున ఆరున్నరకి వెంకీ వస్తాడు. జాగారం చేసినవాళ్ళు ఆ వేళకి నిద్రలో ఉంటారు.

నీలవేణి ఏడ్చింది. "ఒక్కపాలి ఆయన మాట వినండి. ఎనిమిదింటిదాకా ఆగండి. గెంటేస్తే అప్పుడే ఎల్దాం."

"నువ్వు ఊరుకో. మా నాన్న, నా ఇష్టం."

ఆ మాట అనకుండా ఉండాల్సింది. కానీ నేను చేస్తున్నది సరైనదే. నాన్నకి కప్పు కావాలి. ఎవరూ వేలెత్తి చూపని కప్పు. అంతే.

25 ఫిబ్రవరి

మధ్యాహ్నం మూడయింది. రాయాలని లేదు. అయినా రాస్తాను. నా అబద్ధాలన్నీ రాసుకున్న పుస్తకం కదా, ఇదీ ఉండాలి.

దించేటప్పుడు నాన్న "ఎనిమిదైపోయిందేటి?" అని అడిగాడు. నిద్రమత్తులో ఉన్నాడనుకున్నాను. నీలవేణి వెనక సీట్లో ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. నేను కాళ్ళ దగ్గర కూర్చున్నాను. కింద తలుపులు వేసే ఉన్నాయి.

ఊరు దాటాక కళ్ళు తెరిచాడు.

"ఇదేటిరా, రోడ్డు మీదున్నాం?"

"కొత్తవలస వెళ్తున్నాం నాన్నా. మంచి ఇల్లు దొరికింది."

"కూర్మయ్యకి సెప్పొచ్చేవా?"

ఆయన పేరు నాన్నకెలా తెలుసని అప్పుడు కూడా నాకు అనుమానమే వచ్చింది, ఇంకేదీ రాలేదు.

"ఆడు ఇయ్యాల నన్ను కిందకి దింపుతానన్నాడు కదరా" అన్నాడు నాన్న. ఒక్కో మాటకీ ఊపిరి తీసుకుంటున్నాడు. "వీధి కిటికీ కాడ మంచమేశాడంట. పైన ఒక్కడివీ ఏటి సేస్తావన్నా, కిందుంటే పోయేవోల్లూ వొచ్చేవోల్లూ కనబడతారన్నాడు."

"ఎప్పుడన్నాడు?"

"రోజూ వొస్తాడు. ముందు లోనకొచ్చి కూకునేవోడు. నువ్వు తాళం మార్చినాక కిటికీ కాడ. బీడీ ఎలిగించి ఊచల్లోంచి ఇస్తాడు. ఆల్లావిడ అంబలి తెస్తాది."

"నాకెందుకు చెప్పలేదు నాన్నా?"

"సెప్పొద్దన్నాడు. అబద్దమాడినోడు మొకం సూపించలేడన్నా, ఆడి నోటితో ఆడే సెప్పేదాకా ఊరుకుందారి అన్నాడు. మరి నువ్వు సెప్పనే నేదు. సివరికి కూర్మయ్యే సెప్తానన్నాడు, ఇయ్యాల, ఎనిమిదింటికి."

నీలవేణి నా వైపు చూడలేదు. అదే నయం.

"వెంకీ, బండి తిప్పు" అన్నాను.

"ఎలగ తిప్పుతాను సార్, గేటు పడిపోనాది."

రైలు గేటు. ముందు ట్రాక్టరు, వెనక ఇసక లారీ, పక్కన రెండు ఆటోలు. దిగి లారీ వాణ్ణి వెనక్కి తీయమని అరిచాను. వాడు తన వెనకున్న బస్సుని చూపించాడు. బస్సు డ్రైవరు చెయ్యి ఊపాడు. ఎవరికి చెప్పుకోను? పరిగెత్తుకుని వచ్చి నాన్న కాళ్ళు పట్టుకున్నాను.

"తిప్పేవా?" అన్నాడు.

"తిప్పుతున్నాం నాన్నా. ఇంటికే వెళ్తున్నాం. ఎనిమిదింటికల్లా ఉంటాం."

కిరండూల్ నుంచి ఇనప రాయి తెచ్చే గూడ్సు వచ్చింది. ఎంతసేపు పోయిందో! నాన్న ఆ చప్పుడు వైపు తల తిప్పాడు. నీలవేణి నీళ్ళు పోస్తే పెదవి పక్క నుంచి కారిపోయాయి. గేటు లేచేసరికి ఆయన లేడు.

రోడ్డు మీద పోయాడు మా నాన్న. ఏ ఓనరూ పెట్టలేదు. నేనే తీసుకెళ్ళి పెట్టాను.

తిరిగి వచ్చేసరికి కూర్మయ్యగారు వీధిలోనే ఉన్నారు, మమ్మల్ని వెతకడానికి బయల్దేరుతూ. వ్యాన్ లోపలికి తొంగిచూసి నోటికి కండువా అడ్డం పెట్టుకున్నారు. నేను అన్నాను: "గుమ్మం ముందు వద్దండి. ఆ చివర ఖాళీ స్థలంలో ఉంచుతాం. బయట పోయిన మనిషి శవాన్ని ఇంట్లోకి తేకూడదు."

"శవమేటిరా, అన్న" అన్నారు. "అద్దెకిచ్చినోడు మనిషి కాడనుకున్నావేటి? ఎంత పని సేశావురా! దించు. దించుతావా, నన్ను దించమన్నావా?"

కింది వాటాలో సున్నం వాసన. వీధి కిటికీ పక్కన మంచం, కొత్త పరుపు, దాని మీద మరిడమ్మగారి పాత చీర మెత్తగా మడిచి పరిచి ఉంది. మంచం పక్కనే ఆ ఇనప స్టూలు. నాన్నను ఆ మంచం మీద పడుకోబెట్టాం.

27 ఫిబ్రవరి, సోమవారం

ఒకటి రాయాలి.

మొన్న సాయంత్రం శ్మశానం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటున్నాం. గజపతినగరం నుంచి వచ్చిన మా పెదనాన్న అందరి ముందూ అడిగాడు: "ప్రాణం ఎక్కడ పోయిందిరా?"

"ఇంట్లోనే" అన్నాను. ఆలోచించి అనలేదు. రెండు నెలలుగా నోటికి అబద్ధం అలవాటైపోయింది. నాన్న రోడ్డు మీద పోయాడని ఇంతమందిలో నేను అనలేను.

"ఇంట్లోనా! ధనిష్ఠ కదరా ఇయ్యాల. మరి ఇల్లు?" అంటూ పెదనాన్న కూర్మయ్యగారి వైపు తిరిగాడు. అందరూ తిరిగారు.

ఆయన ఒక్క ముక్క నిజం చెబితే చాలు. గదికి ఏ దోషమూ ఉండదు. మర్నాడే బోర్డు కట్టుకోవచ్చు.

కూర్మయ్యగారు నన్ను చూశారు. తర్వాత మా పెదనాన్నని చూశారు.

"అవునన్నా, ఇంట్లోనే పోయాడు. ఆ కిటికీ కాడ మంచం మీద. నా సేతి నీల్లే తాగేడు ఆకర్న. పదో రోజు అవనీ, గది మూసేస్తాను."

పైకి వచ్చి తలుపేసుకుని ఏడ్చాను. నీలవేణి వచ్చి పక్కన కూర్చుంది.

19 మార్చి, ఆదివారం

కింది గదికి తలుపు మూసి ఈ రోజుకి పన్నెండు రోజులు. ఈ పన్నెండు రోజుల్లో నలుగురు అడిగి వెళ్ళారు.

ఇవాళ పొద్దున నేను కుళాయి దగ్గర ఉండగా కొత్తగా పెళ్ళయిన జంట వచ్చింది. అమ్మాయి పేరు అరుణశ్రీ, బ్యాంకులో చేస్తుందట. కిటికీలోంచి చూసి ముచ్చటపడింది. ఏడువేలైనా ఇస్తామన్నారు.

"ఆగస్టు దాటాల తల్లీ" అన్నారు కూర్మయ్యగారు.

"ఖాళీగానే ఉంది కదండి. అప్పటిదాకా ఎందుకు?"

"మాలో ఒక పెద్దోడు పోయాడు ఈ గదిలోన."

"అయ్యో! మీకేమవుతారు?"

"అన్న" అన్నారాయన.

అమ్మాయి నా వైపు తిరిగి, "మీరు కూడా ఈ ఇంట్లోనేనా? అప్పుడు మీరు ఇక్కడే ఉన్నారా అండీ?" అని అడిగింది.

కూర్మయ్యగారు నా మొహం వైపు చూడకుండా నీళ్ళ ధార కింద బిందె సరిచేస్తున్నారు.

"లేనమ్మా" అన్నాను. "కూర్మయ్యగారొక్కరే ఉన్నారు."